తెల్లకోటు కంటె ముందు బెంచీ మీద కూసో చెల్లె

"అక్కా, అమెరికాల పది, పదకొండు చదివే పిల్లలు సెలవుల్ల వేరే దేశం పోయి, అక్కడి దవాఖానల్ల డాక్టర్ల ఎంబడి తిరుగుతరట. నాకు గూడ ఫోన్ల అసొంటి ప్రోగ్రాం ఒకటి కనవడ్డది. రెండు వారాలు ఉండుడు, చివరికి సర్టిఫికెట్ ఇచ్చుడు, ఖర్చు మాత్రం లక్షల్ల. పోయొస్తే డాక్టర్ సీటుకు పనికొస్తదా?"

బాదేపల్లి దిక్కు బైపీసీ చదివే ఒక చెల్లె అడిగిన మాట ఇది. నోరు తెరిచి అడిగింది ఒక్కతే గని, మన జడ్చర్లల ఇదే పురుగు తొలుస్తున్న పిల్లలు శానమంది ఉన్నరు. పిల్లల కంటె ఎక్కువ తొలుస్తున్న అమ్మలు గూడ ఉన్నరు. అందుకే ఈసారి మన ముచ్చట దీని మీదనే.

జవాబు ముందే చెప్త. సీటుకు పనికిరాదు. మన దగ్గర ఎంబీబీఎస్ సీటంటే నీట్. నీట్ అంటే 180 ప్రశ్నలు, 720 మార్కులు. నువ్వు పెరూ పోయొచ్చినవా, పెబ్బేరు పోయొచ్చినవా అని కౌన్సెలింగ్‌ల ఎవ్వరు అడగరు. ర్యాంకు, కేటగిరీ, లోకలా నాన్‌లోకలా, ఇంతే చూస్తరు. ఇంకో లెక్క గూడ చెప్త విను. మన రాష్ట్రంల సర్కారు మెడికల్ కాలేజీల కన్వీనర్ సీటొస్తే ట్యూషన్ ఫీజు ఏడాదికి 10 వేలు. ఆ రెండు వారాలకు అడుగుతున్న లక్షలతోని ఫీజు వరకైతె డాక్టర్ చదువు మొత్తం అయిపోయి ఇంకా మిగులుతయి.

మరి అమెరికా పిల్లలు ఎందుకు తిరుగుతరు? వాళ్ల దారి వేరే. పన్నెండో తరగతి అయినంక నాలుగేండ్లు డిగ్రీ చదవాలె, ఎంక్యాట్ అనే పరీక్ష రాయాలె, ఆ తర్వాత నాలుగేండ్లు మెడికల్ కాలేజీ. ఆ కాలేజీల సీటు ఇచ్చేటోళ్లు మార్కులు ఒక్కటే చూడరు. ఎందుకు డాక్టర్ కావాలనుకుంటున్నవో వ్యాసం రాయమంటరు, ఇంటర్వ్యూ చేస్తరు, ఏ దవాఖానల ఎంత సేవ చేసినవో అడుగుతరు. పన్నెండు కాంగనే నేరుగ తీసుకునే బీఎస్-ఎండీ అనే కోర్సులు కొన్ని ఉన్నయి. వాటికి పోటీ మరీ ఎక్కువ, అందుకే హైస్కూల్ నుంచే ఉరుకులాట. దీనికి పాత చరిత్రే ఉంది. 1944ల న్యూజెర్సీ రాష్ట్రంల ఈస్ట్ ఆరెంజ్ దవాఖానల బడిపిల్లలు ఎర్రచారల గౌన్లు కుట్టుకొని రోగులకు మంచినీళ్లు, పుస్తకాలు అందించేటోళ్లు. ఆ చారల గౌన్లను బట్టే వాళ్లకు క్యాండీ స్ట్రైపర్లు అని పేరు పడ్డది. అక్కడ స్థిరపడ్డ మన తెలుగోళ్లు గూడ తమ పిల్లలను ఇదే బాట పట్టిస్తున్నరు. తప్పేం లేదు, ఆ దేశపు పద్ధతి అది.

ముచ్చట ఎక్కడ మలుపు తిరుగుతదంటే, అక్కడ చాన దవాఖానల్ల పదహారో, పద్దెనిమిదో నిండనిదే లోపలికి రానియ్యరు. రోగి వివరాలు బయటికి పోవద్దని గట్టి చట్టముంది. దాంతోని కొంతమంది పిల్లలు బయటి దేశాల దిక్కు చూస్తరు. మన పిల్లలైతె నేరుగ అమ్మమ్మ ఊరికే వస్తరు. ఆటా, తానా అసొంటి అక్కడి తెలుగు సంఘాలు మన రెండు రాష్ట్రాల ఊర్లల్ల హెల్త్ క్యాంపులు పెడుతుంటయి. పెద్దల ఎంబడి వచ్చిన పిల్లలు పేర్లు రాసుకునుడు, బరువు చూసుడు, లైన్ల నిలబెట్టుడు అసొంటి పనులు చేస్తరు. ఆ వరకు నాకు సంతోషమే. చింతచెట్టు కింద ముసలమ్మ పక్కన కూసొని, వచ్చీరాని తెలుగుల "అమ్మమ్మా, ఎక్కడ నొప్పి?" అని అడిగే పిల్లను చూస్తే ఎవలికి ముద్దు రాదు?

ముద్దు ఎక్కడ పోతదంటే, అదే పిల్ల చేతికి సూది వచ్చినప్పుడు. లోకంల కొన్ని ప్రోగ్రాములు ఇదే ఆశ చూపించి పైసలు గుంజుతయి. మీ దేశంల పన్ను ముట్టనియ్యరు, మా దగ్గర పీకొచ్చు. మీ దేశంల కుట్టు వెయ్యనియ్యరు, మా దగ్గర వెయ్యొచ్చు. ఎవల పన్ను, ఎవల తోలు? బీదోళ్లది. అమెరికాల మెడికల్ కాలేజీల సంఘమే, ఏఏఎంసీ అంటరు దాన్ని, 2011ల తమ పిల్లలకు సూచనలు రాసి పెట్టింది. సొంత దేశంల చెయ్యనియ్యని పని పరాయి దేశంల గూడ చెయ్యొద్దు, అట్ల చేసి అప్లికేషన్ల గొప్పగ రాసుకుంటే సీటుకే ఎసరు రావొచ్చు అని దాని సారం. అంటే పైసలు పోసి పోయినా, అతి చేస్తే అక్కడ గూడ మెచ్చుకోరన్నట్టు. గందుకే చెల్లె, నీ ఫోన్ల కనవడ్డ ప్రకటనల "స్వయంగా చికిత్స చేసే అవకాశం" అని ఉన్నదనుకో, ఆ పేజీ మూసెయ్. చూసే అవకాశం అని ఉంటె, అప్పుడు ఖర్చు సంగతి ఆలోచించొచ్చు.

దేశాలు దాటి వైద్యం చేసుడు మన జడ్చర్లకు కొత్త గాదు. 1950లల్ల మెనోనైట్ బ్రెదరన్ మిషన్ వాళ్లు ఇక్కడ దవాఖాన పెట్టిన్రు. అమెరికా, కెనడాల నుంచి డాక్టర్లు, నర్సులు వచ్చి పనిచేసిన్రు. అంతకు ముందే శంషాబాదుల క్యాథరీనా షెల్లెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ ఉండె. కాన్సాస్ నుంచి వచ్చిన ఆమె, దాదాపు నలభై ఏండ్లు ఈ గడ్డ మీదనే వైద్యం చేసి, 1945ల ఇక్కడనే కన్నుమూసింది. వాళ్ల మతం ముచ్చట పక్కకు పెట్టండ్రి. ఆ కాలంల మిషనరీలు వచ్చినంక ముందుగాల కూసొని తెలుగు నేర్చుకునేటోళ్లు, ఆ తర్వాతనే పని. ఈ రెండు వారాల ప్రోగ్రాములను తలుసుకుంటే నాకు వాళ్లే యాదికొస్తరు. రెండు వారాలల్ల నేర్చుకునేది దవాఖాన గోడల రంగు ఒక్కటే.

అటు నుంచి ఇటు వచ్చినోళ్లే గాదు, ఇటు నుంచి అటు పోయినోళ్లు గూడ ఉన్నరు. హైదరాబాద్ మెడికల్ స్కూల్ల 1885ల చేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు ఎంతమంది విన్నరు? ఆపరేషన్ టైముల రోగికి క్లోరోఫాం ఇచ్చి మత్తుల ఉంచే పని ఏండ్ల తరబడి చేసిన మనిషి. ప్రపంచంల మొదటి మహిళా మత్తు డాక్టర్లల్ల ఆమె పేరు చెప్తరు. 1909ల ఎడిన్‌బరో పోయి ఇంకా చదువుకున్నది. చూసినవా, పోయేటప్పటికే ఆమె చేతుల విద్య ఉన్నది. అక్కడోళ్లతోని సమానంగ కూసొని మాట్లాడేటంత అనుభవం హైదరాబాదులనే సంపాయించుకున్నది. నాకు ఈ వరుస నచ్చుతది. ముందు ఇక్కడ, తర్వాత అక్కడ.

"ఇక్కడ ఏముందక్కా చూడనీకి" అంటవేమో. నీ ఊరి పొలం గట్టు మీదనే ఉంది. పాముకాటు సంగతి తీసుకో. మన దేశంల ఏటా సుమారు 58 వేల మంది పాముకాటుతోని సచ్చిపోతున్నరని 2020ల వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017ల పాముకాటును లోకం పట్టించుకోని జబ్బుల జాబితాల చేర్చింది. లండన్ల చదివే డాక్టర్ పిల్ల దీన్ని పుస్తకంలనే చూస్తది. వానకాలం మొదలైందంటే మన సర్కారు దవాఖానకు మాత్రం కలుపు తీయవోయిన అవ్వనో, రాత్రి కింద పండుకున్న పిలగాన్నో ఎత్తుకొని వస్తనే ఉంటరు.

ఒక పరీక్ష చెప్త, విను. రక్తపింజర కరిస్తే నెత్తురు గడ్డకట్టే గుణం పోతది. అది తెలుసుకోనీకి పెద్ద మిషిన్ అక్కరలేదు. రెండు మిల్లీలీటర్ల నెత్తురు తీసి, శుభ్రంగున్న పొడి గాజు గొట్టంల పోసి, కదిలియ్యకుంట ఇరవై నిమిషాలు పెడతరు. తర్వాత వంచి చూస్తరు. గడ్డకట్టక నీళ్ల తీరు జారిందనుకో, విషం ఎక్కినట్టు. వెంటనే విరుగుడు మందు పెట్టాలె. ఆ ఇరవై నిమిషాలు కటకటాల పక్కన చుట్టాలు ఎట్ల నిలవడతరో, నర్స్ అక్క గడియారం దిక్కు, గొట్టం దిక్కు ఎట్ల చూస్తదో చూసిన పిల్లకు నెత్తురు గడ్డకట్టే పాఠం మళ్ల బట్టీ పెట్టే పని ఉండదు. కట్లపాముది ఇంకో కథ. రాత్రిపూట నిద్రల కరుస్తది, నొప్పి వాపు పెద్దగ ఉండవు, తెల్లారెసరికి కనురెప్పలు వాలిపోతయి. "ఏం కాలేదు, పండుకోనియ్యి" అనుకున్నోళ్ల ఇంట్ల పీనుగ లేస్తది.

మీ ఇంట్ల ఎవలికన్న కాటు పడితే ఏం చెయ్యాలెనో గూడ ఇక్కడనే చెప్త, ముచ్చటల ముచ్చట. తాడు బిగించి కట్టొద్దు. బ్లేడుతోని కొయ్యొద్దు, నోటితోని పీల్చొద్దు. కరిసిన చేయో కాలో కదలకుంట పెట్టి, గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేసి, 108కు ఫోన్ కొట్టి, నేరుగ దవాఖానకు తోలాలె. మంత్రగాని ఇంటి మీది నుంచి పోయే తొవ్వ వద్దు.

108 అంటే గుర్తొచ్చింది. ఆ బండి పుట్టింది మన హైదరాబాదులనే, 2005 ఆగస్టు 15న. రెండేండ్లకే, 2007ల, అమెరికాల స్టాన్‌ఫర్డ్ వైద్య విద్యాలయం వాళ్లు వచ్చి ఇక్కడి పారామెడిక్‌లకు శిక్షణ ఇచ్చుడుల చేతులు కలిపిన్రు. మన 44 నంబర్ జాతీయ రహదారి మీద సైరన్ వేసుకొని ఉరికే బండిల ఎంత లోకం ఉందో చూడు. అండ్ల కూసున్న తమ్ముడు బీఎస్సీ చదివిన మామూలు పిలగాడే కావొచ్చు.

పోలేపల్లి సెజ్ల మందుల కంపెనీలను గూడ యాది చేసుకో. అక్కడ తయారైన గోలీలు అమెరికా మార్కెట్‌కు పోతయి. అందుకే అమెరికా ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి జడ్చర్ల దాక వస్తుంటరు. మనకు వీసా దొరకకపాయె గని మన గోలీలు ఎప్పుడో పోయినయి. ఆ సెజ్ కోసం భూములు పోయినోళ్ల గోస వేరే ముచ్చట, అది ఇంకోసారి కడుపు నిండ మాట్లాడుకుందాం. ఇప్పుడు నేను చెప్పేది, నాణ్యత చూసే ల్యాబ్‌ల కూసునే ఆడపిల్ల గూడ వైద్యంల ఉన్నట్టే. బీఫార్మసీ అంటే మూతి ముడిచే అమ్మలకు ఈ మాట.

అంతకంటె నాకు ఇష్టమైన ముచ్చట కంటిది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికాల కొలువు ఇడిసిపెట్టి వచ్చి 1987ల హైదరాబాదుల ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి మొదలువెట్టిండు. ఊర్లకు కంటి వైద్యం ఎట్ల చేరాలె అని వాళ్లు ఒక ఏర్పాటు చేసిన్రు. సుమారు 50 వేల మంది జనానికి ఒక విజన్ సెంటర్, ఐదు లక్షల మందికి ఒక చిన్న కంటి దవాఖాన. పాత పాలమూరు జిల్లా తూడుకుర్తిల గూడ వాళ్ల దవాఖాన ఉంది. ఆ విజన్ సెంటర్ల కూసునేది ఎవలనుకున్నవు? ఆ చుట్టుపక్కల ఊర్లల్ల ఇంటర్ చదివిన పిల్లలే. ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్ చేస్తరు. చూపు పరీక్ష చేసి అద్దాలు రాసుడు, శుక్లాలున్నోళ్లను పట్టి పై దవాఖానకు పంపుడు వాళ్ల పని. ఈ పద్ధతి చూసి నేర్చుకోనీకి వేరే దేశాలోళ్లు మన దగ్గరికి వస్తున్నరు. నువ్వేమో లక్షలు కట్టి అటు పోత అంటున్నవు!

సరే, దవాఖాన చూడాలె, ఎట్ల? ఊకె పోయి నిలవడితే వాచ్‌మెన్ ఎల్లగొడ్తడు. కాలేజీ ప్రిన్సిపాల్‌తోని చిట్టి రాయించుకో. అమ్మానాయిన సంతకం పెట్టించు. సర్కారు దవాఖాన సూపరింటెండెంట్‌కో, పీహెచ్‌సీ డాక్టర్‌కో ఇయ్యి. ఎన్‌ఎస్‌ఎస్, రెడ్‌క్రాస్ తరఫున నలుగురు కలిసి అడిగితే ఇంకా మంచిది. మొదలు ఓపీల బెంచీ మీద కూసునే పని అడుగు. ఓపీ చీటీ ఏ కిటికీల ఇస్తరో తెల్వక తిరిగే తాతకు తొవ్వ చూపెట్టు. చదువు రానోళ్లకు పొద్దుటి గోలీ ఏది, రాత్రి గోలీ ఏది చెప్పు. ఇది చిన్న పని అనుకోకు. "తల దిమ్మగుంది, కడుపుల దేవినట్టయితుంది, పెయ్యంత గుంజుతుంది" అని ఒకే బుక్కల చెప్పే అవ్వ మాటలల్ల అసలు బాధ ఏదో పట్టుకునుడు డాక్టర్లకు గూడ ఏండ్లు పట్టే విద్య.

అక్కడ ఫోన్ సంచిల నుంచి బయటికి తియ్యొద్దు. మెడల స్టెతస్కోప్ ఏసుకొని రోగి మంచం పక్కన ఫొటో దిగి స్టేటస్ పెట్టే పిల్లలను చూస్తే నాకు ఒళ్లు మండుతది. నీ లైకుల కోసం ఆ మనిషి ఇజ్జత్ తాకట్టు పెడ్తవా? ఎవలకు ఏ జబ్బో బయట మాట్లాడొద్దు, ఇంట్ల అమ్మతోని గూడ. చిన్న ఊరు మనది, రైతుబజార్ దాటకముందే పేరు తెలిసిపోతది. "ఈ పిల్ల ఉండొద్దు" అని రోగి అంటే మారుమాట లేకుంట బయటికి రావాలె. సూదులు, నెత్తురు ముట్టొద్దు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు అయినయా లేదా చూసుకో. దగ్గుతున్నోళ్ల వార్డుల మాస్క్ తియ్యకు. గుండె ఆగినోళ్లకు ఛాతి ఒత్తుడు, అదే సీపీఆర్, ఎక్కడ నేర్పినా పోయి నేర్చుకో. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఒత్తాలె. ఒక్కసారి బొమ్మ మీద చేసి చూడు, రెండు నిమిషాలకే చేతులు ఎట్ల గుంజుతయో తెలుస్తది.

ఇగ అసలు భయం చెప్త. ఈ రెండు వారాల ప్రోగ్రాములు శానసార్లు పెద్ద గాలానికి చిన్న ఎర. "అక్కడి దవాఖాన చూసినవు గదా, అక్కడనే ఎంబీబీఎస్ చేరు" అనే మాట ఎనుకనే వస్తది. బయటి దేశంల చదువుడు తప్పని నేననను. చదివొచ్చి మంచి డాక్టర్లయినోళ్లు ఉన్నరు. గని కన్సల్టెన్సీ ఆయన చెప్పని మాటలు నేను చెప్త. బయట చదవాలన్నా నీట్ క్వాలిఫై కావాలె. 2021 నవంబర్ల జాతీయ వైద్య కమిషన్, అదే ఎన్‌ఎంసీ, తెచ్చిన నియమాల ప్రకారం కోర్సు తక్కువల తక్కువ 54 నెలలు ఉండాలె, చదువు ఇంగ్లీషుల సాగాలె, అక్కడనే 12 నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలె, ఆ దేశంల ప్రాక్టీస్ చేసే హక్కు ఆ డిగ్రీతోని రావాలె. వచ్చినంక ఎఫ్‌ఎంజీఈ అని 300 మార్కుల పరీక్ష, అండ్ల తక్కువల తక్కువ 150 రావాలె. శానసార్లు పాసయ్యేటోళ్లు నూటికి ఇరవై, ముప్పై నడుమనే ఉంటున్నరు. ఆ తర్వాత ఇక్కడ మళ్ల ఇంటర్న్‌షిప్. 2022 ఫిబ్రవరిల ఉక్రెయిన్ మీద యుద్ధం వస్తే ఆపరేషన్ గంగ పేరుతోని వేలమంది మన పిల్లలను ఇమానాలల్ల తెచ్చుకున్నం. 2024 మే నెలల కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కేక్‌ల విదేశీ పిల్లల హాస్టళ్ల మీద మూకలు పడ్డయి. ఆ రాత్రులు ఇక్కడ అమ్మలు ఫోన్ పట్టుకొని ఎట్ల కూసున్నరో మనం టీవీలల్ల చూసినం. ఎకరం అమ్మే ముందు ఎన్‌ఎంసీ వెబ్‌సైట్ నువ్వే తెరిచి సదువుకో. అడ్వాన్స్ కట్టినంక గాదు.

ఇప్పుడు మన దగ్గర గూడ సీట్లు పెరిగినయి. మహబూబ్‌నగర్ల సర్కారు మెడికల్ కాలేజీ 2016ల వచ్చింది. నాగర్‌కర్నూల్, వనపర్తిలల్ల 2022ల వచ్చినయి. మా కాలంల పాలమూరు జిల్లాల ఆడపిల్ల డాక్టర్ చదవాలంటే హైదరాబాద్ బస్సెక్కుడే.

విదేశం మీది నుంచి మనసు అస్సలు మళ్లకపోతే, నర్సింగ్ దిక్కు చూడు. బీఎస్సీ నర్సింగ్ చదివి, వార్డుల కొన్నేండ్లు చేసి, భాష నేర్చుకొని జర్మనీ, జపాన్ పోతున్నోళ్లున్నరు. మన రాష్ట్ర ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, భాష శిక్షణ నుంచి కొలువు దాక చూస్తది. బ్రోకర్‌కు లక్షలు పొయ్యకుంట పోయే తొవ్వ ఇది. "నర్సా?" అని ముక్కు ఇరిచే మేనత్తలకు చెప్పండ్రి, రేపు వాళ్లు దవాఖానల పడుకుంటే రాత్రి రెండు గంటలకు పిలిస్తే పలికేది ఎవలో.

అమ్మలకు ఒక మాట. పిల్ల దవాఖానకు పోయొస్త అంటే "రోగాలు అంటుతయి, పెండ్లికాని పిల్లకు అక్కడేం పని" అని ఆపకండ్రి. నెత్తురు చూసి కండ్లు తిరిగి ఇంటికొస్తే అది గూడ లాభమే. కోచింగ్‌కు పైసలు కట్టకముందే తెలిసింది.

ఇగ జడ్చర్ల, బాదేపల్లిల క్లినిక్‌లు నడుపుతున్న డాక్టరమ్మలను, డాక్టర్ సాబ్‌లను అడుగుతున్న. ఈ ఎండకాలం ఇంటర్ పరీక్షలు అయిపోంగనే, మీ దగ్గర ఒక మూలకు ఇద్దరు బైపీసీ పిల్లలకు స్టూళ్లు వెయ్యండ్రి. రోగి ఒప్పుకున్నప్పుడే, మీ కండ్ల ముందే, పొద్దున ఒక రెండు గంటలు. ఫీజు తీసుకోకండ్రి, సర్టిఫికెట్ ఇయ్యకండ్రి. ఒప్పుకునేటోళ్లు దగ్గర్ల ఉన్న జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్‌కు ఒక మాట చెప్తే చాలు, పిల్లలు వాళ్లే వస్తరు.